మిట్టల నేల మీద ఎత్తుల లెక్క

వానాకాలం వచ్చిందంటే నల్లగొండ, పాలమూరు ఇళ్లలో పేపరు తిరగేసేవాళ్ల చూపు ముందుగా ఒక చిన్న పెట్టె మీదికి పోతుంది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, ఇవాళ ఇంత. నాగార్జునసాగర్ 590 అడుగులు, ఇవాళ ఇంత. చుక్క తర్వాతి అంకెలతో సహా వేస్తారు. కృష్ణ కింద పారుతుంటే చేను పైనుండే ప్రాంతం ఇది. కల్వకుర్తి ఎత్తిపోతలైనా, పాలమూరు–రంగారెడ్డి అయినా, సాగర్ నుంచి నల్లగొండకు నీళ్లు తోడే మాధవరెడ్డి ప్రాజెక్టయినా, కథంతా నీటిని ఎన్ని మీటర్లు ఎత్తాలన్న దాని చుట్టే తిరుగుతుంది. ఎత్తు గురించి ఇంత పట్టింపున్న నేల మీద, ఆదివారం తెల్లారుజామున బయల్దేరి జడ్చర్ల దాకా సైకిల్ తొక్కి వచ్చిన నలుగురు తమ అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే నాలుగు రకాల ఎలివేషన్ గెయిన్లు కనిపిస్తాయి. దూరంలో తేడా అర కిలోమీటరు కూడా ఉండదు. ఎక్కిన ఎత్తులో మాత్రం ఒకరి అంకె ఇంకొకరి దానికి ఒకటిన్నర రెట్లున్నా ఎవరూ ఆశ్చర్యపోరు.

దీనికి సైకిలిస్టులు చెప్పుకునే మందులు మూడు. ఫోన్ పక్కన పెట్టి మంచి కంప్యూటర్ కొనమనేది ఒకటి. బారోమీటర్ ఉన్నదాన్నే నమ్మమనేది ఇంకొకటి. రైడ్ అయ్యాక యాప్‌లో మ్యాప్ ఎత్తులతో సరిచేయించమనేది మూడోది. ప్రతిదానిలో కొంత నిజముంది. అయితే అసలు అడుగుతున్న ప్రశ్న ఏదో ముందు తేల్చుకోవాలి. నేను నిలబడ్డ చోటు సముద్రమట్టానికి ఎంత పైన అన్నది ఒక ప్రశ్న. ఇవాళ మొత్తం ఎంత ఎక్కాను అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి సరైన జవాబు ఒకటుంది, సర్వేయరు కొలిచి చూపించగలడు. రెండోదానికి, అందులోనూ మన మిట్టపల్లాల నేల మీద, ఒకే ఒక్క సరైన జవాబంటూ లేదు. పరికరాల తప్పని మనం తిట్టుకునేదాంట్లో చాలా భాగం ఈ రెండో ప్రశ్నలోనే ఉందని నా అభిప్రాయం.

మొదటి ప్రశ్నతో మొదలుపెడదాం. జీపీఎస్ అడ్డంగా కొలిచినంత బాగా నిలువుగా కొలవలేదు. ఉపగ్రహాలన్నీ మన నెత్తి మీదే ఉంటాయి, కాళ్ల కింద ఒక్కటీ ఉండదు. అందుకే చుట్టుపక్కల స్థానం అయిదు మీటర్ల లోపు తేలినప్పుడు కూడా ఎత్తులో తప్పు దానికి ఒకటిన్నర, రెండు రెట్లు ఉండటం మామూలే. ఇది ప్రపంచమంతా ఉన్న సంగతి. మన దగ్గర దీనికి ఇంకో విశేషం తోడైంది.

జీపీఎస్ ఎత్తును సముద్రం నుంచి కొలవదు. భూమికి దగ్గరగా ఉండేలా లెక్కగట్టిన ఒక నున్నటి దీర్ఘగోళం నుంచి కొలుస్తుంది. నిజమైన సముద్రమట్టం, అంటే గురుత్వాకర్షణను బట్టి నీళ్లు నిలిచే మట్టం, ఆ గోళంతో అన్నిచోట్లా కలవదు. ప్రపంచంలోకెల్లా ఎక్కువగా అది కిందికి దిగిపోయిన చోటు శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఉంది. అక్కడ సముద్రమట్టం లెక్కలోని గోళానికి వంద మీటర్ల పైచిలుకు దిగువన ఉంటుంది. ఎందుకలా అన్నదానికి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు దేబాంజన్ పాల్, అత్రేయీ ఘోష్ 2023లో ఒక వివరణ ప్రచురించారు. భూమి లోపలి పొరల్లో వేడి పదార్థం కదలికలు దీనికి కారణమన్నారు. ఆ పల్లం అంచు దక్షిణ భారతమంతా పరుచుకుంది. తెలంగాణ దక్షిణ జిల్లాల దగ్గర తేడా సుమారు 75 మీటర్లు.

సైకిలిస్టుకు దీంతో ఏం పని? ఆండ్రాయిడ్ ఫోన్‌లో లొకేషన్ ఇచ్చే ఎత్తు ఏళ్ల తరబడి ఆ గోళం మీది ఎత్తే. సముద్రమట్టం మీది ఎత్తును విడిగా అడిగే వీలు ఆండ్రాయిడ్ 14లో గానీ రాలేదు. ఐఫోన్ మొదటినుంచీ సముద్రమట్టం లెక్కే చెబుతోంది. కాబట్టి సరిదిద్దుకోవడం తెలియని ఒక చిన్న యాప్ పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చూపే ఎత్తు, పక్కనున్న ఐఫోన్ చూపేదానికంటే డెబ్బై ఎనభై మీటర్లు తక్కువ. అదే యాప్‌ను బందరు తీరానికి తీసుకుపోతే మనం సముద్రం అడుగున నడుస్తున్నట్టు చెబుతుంది. చూడటానికి ఇంత ఘోరమైన తప్పు రైడ్ లెక్కకు మాత్రం ఏ హానీ చేయదు. తేడా దారి పొడుగునా దాదాపు ఒకేలా ఉంటుంది కనుక ఎక్కుడు, దిగుడు రెండూ అలాగే మిగులుతాయి. కంటికి కొట్టొచ్చే తప్పులు ఇలా అమాయకమైనవి. గెయిన్‌ను పాడుచేసేవి కనబడకుండా పనిచేస్తాయి.

సముద్రమట్టం అని మనం అలవోకగా అనేది కూడా తేలికగా దొరికింది కాదు. 1858 నుంచి 1909 దాకా సర్వే ఆఫ్ ఇండియా మనుషులు దేశమంతా లెవెలింగ్ చేసుకుంటూ నడిచారు. విశాఖపట్నం, మద్రాసు సహా తొమ్మిది రేవుల్లో అలల సగటు మట్టాన్ని సున్నాగా తీసుకున్నారు. అంతకు ముందు త్రిభుజాల సర్వే చేసిన విలియం లాంబ్టన్ దండు పత్తికొండ ప్రాంతంలోని నాంతాబాద్ నుంచి బీదరు దగ్గరి దామరగిద్ద దాకా సాగింది ఈ పీఠభూమి మీదుగానే. జార్జ్ ఎవరెస్ట్ 1818లో హైదరాబాద్ వచ్చి లాంబ్టన్ దగ్గర చేరాడు. మరుసటి ఏడు కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో జ్వరం పట్టి మంచానపడ్డాడు. ఎండల్లో గాలి మిలమిలలాడి గుట్టల కొనలు సరిగా కనబడవు, వానలు పడ్డాక గాలి తేటపడుతుంది. అందుకని సర్వే పని దోమల కాలంలోనే పెట్టుకునేవాళ్లు. గాలి కొలతను చెడగొట్టడం సైకిల్ కంప్యూటర్లతో మొదలైంది కాదు.

ఇక బారోమీటర్. మంచి సైకిల్ కంప్యూటర్లలో, ఖరీదైన ఫోన్లలో ఉంటుంది. చవక ఫోన్లలో చాలావాటికి ఉండదు. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, మన ఎత్తుల్లో ఒక్కో హెక్టాపాస్కల్‌కు తొమ్మిది మీటర్ల లెక్కన. చిన్న చిన్న మార్పులను పట్టుకోవడంలో దీనికి సాటి లేదు. కల్వర్టు దగ్గర దిగి మళ్లీ ఎక్కే మూడు మీటర్లు కూడా దానికి తెలుస్తాయి. ఎక్కుడు లెక్కకు దీన్నే మొదటి సాధనంగా ఎంచుకోవడం సరైనదే. అయితే ఇది ఎత్తును కొలవదు, గాలిని కొలుస్తుంది. మన ప్రాంతపు గాలికి తనవైన అలవాట్లున్నాయి.

ఉష్ణమండలంలో గాలి ఒత్తిడికి రోజూ రెండు పోట్లు, రెండు పాట్లు ఉంటాయి. ఉదయం పది గంటల వేళ, రాత్రి పది గంటల వేళ ఎక్కువ. తెల్లవారి నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. యూరప్‌లో ఇది లెక్కలోకి రానంత చిన్నది. ఇక్కడ పగటి పది నుంచి సాయంత్రం నాలుగు దాకా మూడు నాలుగు హెక్టాపాస్కల్ పడిపోవడం నిత్యకృత్యం. అంటే పొద్దున పదికి మహబూబ్‌నగర్‌లో బెంచీ మీద పెట్టిన కంప్యూటర్, ఎవరూ ముట్టుకోకపోయినా, సాయంత్రానికి ముప్పై మీటర్లు ఎక్కేస్తుంది. తెల్లవారి అయిదింటికి బయల్దేరి పదింటికి ఇల్లు చేరేవాళ్లకు దీనికి విరుద్ధం. ఒత్తిడి పెరుగుతూ వస్తుంది గనుక ఇల్లే పది పదిహేను మీటర్లు కుంగినట్టు కనిపిస్తుంది. బయల్దేరిన చోటికే తిరిగొచ్చిన రైడ్‌లో ఎక్కుడూ దిగుడూ సమానం కాకపోతే పరికరం చెడిపోయిందని కంగారుపడక్కర్లేదు. ముందు గడియారం చూసుకోవాలి. సాయంత్రం గాలిదుమారం లేస్తే మాత్రం ఈ లెక్కలేవీ పనిచేయవు. చల్లగాలి తోసుకొచ్చిన నిమిషాల్లో ఒత్తిడి ఎగసి, రోడ్డు చదునుగా ఉన్నా గ్రాఫ్‌లో గుంత పడుతుంది.

ఎండ సంగతి ఇంకా విచిత్రం. ఒత్తిడిని ఎత్తుగా మార్చే ప్రామాణిక సూత్రం సముద్రమట్టం దగ్గర గాలి 15 డిగ్రీలుంటుందని అనుకుంటుంది. ఆ లెక్కన 400 మీటర్ల ఎత్తులో పన్నెండు డిగ్రీలకు కాస్త పైన ఉండాలి. మే నెలలో ఇక్కడ 40 దాటుతుంది. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది, అదే ఎత్తుకు ఒత్తిడి తక్కువ మారుతుంది. సూత్రాన్ని ఉన్నదున్నట్టు వాడే పరికరంలో నిజంగా 300 మీటర్లు ఎక్కినవాడికి మే మధ్యాహ్నం 274 మీటర్లే జమవుతాయి. డిసెంబరు పొద్దున 18 డిగ్రీల చలిలో అదే గుట్ట 294 ఇస్తుంది. వడదెబ్బకు ఓర్చి ఎక్కినవాడికే కోత! ఋతువును బట్టి ఇంకో తేడా కూడా ఉంది. జనవరితో పోలిస్తే జూలైలో ఒత్తిడి పది హెక్టాపాస్కల్ పైచిలుకు తక్కువ. చలికాలంలో సరిచేసి వదిలేసిన కంప్యూటర్ వానాకాలానికి ఊరిని వంద మీటర్ల దాకా పైకి లేపుతుంది. ఇది మళ్లీ అమాయకమైన తప్పే, గెయిన్‌ను తాకదు. ఎండ తెచ్చే తప్పు మాత్రం ప్రతి మీటరునూ కోస్తుంది. చూపులో తేడా ఉండదు గనుక ఎవరూ గమనించరు.

వాన పడితే సెన్సర్ రంధ్రానికి నీటిబొట్టు అడ్డుపడి గ్రాఫ్ మెట్లు మెట్లుగా వస్తుంది. ఏసీ గదిలోంచి ఎండలోకి తెచ్చిన వెంటనే రికార్డింగ్ మొదలుపెడితే సెన్సర్ వేడెక్కేదాకా అంకె జారుతూనే ఉంటుంది, పది నిమిషాలు ఆగితే చాలు. దిగుట్లో గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో గాలి నేరుగా రంధ్రంలోకి కొడితే సిద్ధాంతరీత్యా పది మీటర్ల దాకా తేడా రావచ్చు. తయారీదార్లు రంధ్రాన్ని అడుగున పెట్టేది అందుకే.

బారోమీటర్ లేనివాళ్లకు మిగిలింది మ్యాప్. యాప్ మన దారిని ఒక ఎత్తుల పటం మీద పరిచి, ప్రతి బిందువు దగ్గర పటంలో రాసున్న ఎత్తును తీసుకుంటుంది. రైడ్ విత్ జీపీఎస్ రూటు గీసేటప్పుడు చేసేది ఇదే. గార్మిన్ కనెక్ట్, స్ట్రావాల్లో ఎత్తు సరిచేసే మీట నొక్కినా జరిగేది ఇలాంటిదే. ఈ పటాల్లో అందరికీ అందుబాటులో ఉండి ఎక్కువ వాడుకలో ఉన్నది 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక పదకొండు రోజుల్లో రాడార్‌తో తీసినది. మన నేలకు మొదట్లో తొంభై మీటర్లకు ఒక బిందువే ఇచ్చారు, ముప్పై మీటర్లది 2015 ప్రాంతంలో వచ్చింది. మన దేశానికి సొంత పటమూ ఉంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన కార్టోశాట్–1 ముందుకొక కెమెరా, వెనక్కొక కెమెరాతో తీసిన జంట చిత్రాల నుంచి నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ తయారుచేసిన కార్టోడెమ్. ఆ సంస్థ కేంద్రం హైదరాబాద్ బాలానగర్‌లో ఉంది. ఉపగ్రహాల సమాచారాన్ని అందుకునే భూకేంద్రం షాద్‌నగర్‌లో, అంటే పాత పాలమూరు జిల్లాలోనే ఉంది. నలభైనాలుగో నంబరు హైవే మీద సైకిల్ తొక్కేవాళ్లు ఆ ఊరి మీదుగానే పోతారు. ప్రపంచం మొత్తానికి ఇప్పుడు ఉచితంగా దొరికే వాటిలో మెరుగైనది యూరప్ వాళ్ల కోపర్నికస్ పటం. దాని నిలువు తప్పు నాలుగు మీటర్ల లోపని వాళ్ల హామీ.

చదునైన పొలాల మధ్య ఏ పటమైనా ఒకటే. మన దగ్గర పేచీ అంతా గుట్టల దగ్గర. భువనగిరి ఏకశిల, దేవరకొండ, కోయిలకొండ, నల్లగొండకే పేరిచ్చిన కొండలు, ఇవన్నీ చదును నేలలోంచి ఒక్కసారిగా లేచిన రాళ్లు. ముప్పై మీటర్ల గడిలో సగం బండ, సగం రోడ్డు పడితే పటం సగటు వేసి రాస్తుంది. గుట్టను ఆనుకుని చదునుగా పోయే రోడ్డు మీద లేని ఎక్కుడు పుట్టేది అలాగే. అమ్రాబాద్ అడవిలో రాడార్ చెట్ల కొమ్మలను కూడా నేలగానే చూస్తుంది. దోమలపెంట, ఈగలపెంట దాటి శ్రీశైలం డ్యాం వైపు దిగే ఘాట్ రోడ్డు మీద జీపీఎస్ పక్కకు అయిదారు మీటర్లు జరిగితే చాలు, మనిషి రోడ్డు వదిలి లోయ వాలులోకో పైమలుపులోకో పోయినట్టు లెక్క. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీద పోయేవాడిని కొన్ని పటాలు ఏటి అడుగుకు దించి మళ్లీ ఎక్కిస్తాయి. 2000 తర్వాత కట్టలు పోసి వెడల్పు చేసిన హైవేలు, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు, ఆ పాత రాడార్ పటానికి తెలియవు. స్ట్రావా దీనికి ఒక తెలివైన మార్గం పట్టింది. బారోమీటర్లున్న సభ్యుల రైడ్లన్నిటినీ కలిపి రోడ్ల ఎత్తుల పటం కట్టుకుంది. పదిమంది తొక్కే రోడ్డు మీద అది ఉపగ్రహ పటం కంటే మెరుగ్గా ఉంటుందని నమ్మొచ్చు. కోయిలకొండ వెనక సన్న తారురోడ్డు మీద ఎంతమంది బారోమీటర్లు తిరిగి ఉంటాయన్నది వేరే మాట.

ఇప్పుడు రెండో ప్రశ్న. పరికరం ఏ తప్పూ చేయలేదనుకుందాం. ప్రతి సెకనుకూ సరైన ఎత్తు ఇచ్చింది. అయినా మొత్తం ఎక్కుడు ఒకటే రాదు. పాలమూరు నుంచి తూర్పుకు నల్లగొండ దాకా నేల మొత్తంగా వాలుతూ పోతుంది. అయిదు వందల మీటర్ల దరిదాపుల్లో మహబూబ్‌నగర్, రెండు వందల పైచిలుకులో నల్లగొండ. ఆ వాలు మీద వాగుకొక పల్లం, వాగుకూ వాగుకూ నడుమ ఒక మిట్ట. దారంతా ఆకుల మీది ఈనెల్లా ఇవే. వంద కిలోమీటర్ల దారిలో ఎనిమిదేసి మీటర్ల మిట్టలు వంద ఉన్నాయని ఊహించండి. ప్రతిదాన్నీ లెక్కపెడితే 800 మీటర్లు ఎక్కినట్టు. పది మీటర్లకు తక్కువైనదాన్ని వదిలేస్తే ఎక్కింది సున్నా.

ఇది ఊహతో ఆగిపోయేది కాదు. అంకెల్లోని చిల్లర వణుకును ఎక్కుడుగా కలపకూడదని ప్రతి యాప్ ఒక గీత గీసుకుంటుంది. స్ట్రావా తన నియమాన్ని చెప్పేసింది. బారోమీటర్ ఉన్న రైడ్లకు రెండు మీటర్లు, లేనివాటికి పది మీటర్లు ఎడతెగకుండా ఎక్కితేనే జమ. తిరుమల ఘాట్ లాంటి ఒకే పెద్ద ఎక్కుడు మీద ఈ రెండు గీతల నడుమ తేడా దాదాపు కనబడదు. సాగర్ రోడ్డు మీద, ఇబ్రహీంపట్నం దాటి మాల్, కొండమల్లేపల్లి వైపు పోయేటప్పుడు అదే తేడా వందల మీటర్లు కావచ్చు. పక్కపక్కన తొక్కిన ఇద్దరిలో ఒకరి పరికరానికి బారోమీటర్ ఉంటే, ఇంకొకరికి లేకపోతే వాళ్లు నిజంగా రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు తెచ్చుకున్నట్టే. ప్రతి సెకనూ నమోదు చేసేది, బిందువులు ఏరి దాచేది అన్న సెట్టింగుల తేడా కూడా ఇదే కోవలోకి వస్తుంది. సముద్రతీరం పొడవు కొలకర్ర పొట్టయ్యేకొద్దీ పెరుగుతుందని లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ గమనించాడు. ఎక్కుడు విషయంలోనూ అంతే, గుంతనూ స్పీడ్ బ్రేకరునూ కూడా కలపడం మొదలుపెడితే ఎక్కడా ఆగక్కర్లేదు.

సైక్లింగ్ నియమాలు రాసినవాళ్లు ఈ చిక్కును తెలిసో తెలియకో తప్పించుకున్నారు. హైదరాబాద్ నుంచి మొదలయ్యే 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవెట్లకు, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు రైడ్లకు, గడువు 13.5, 20, 27, 40 గంటలు. దూరాన్ని బట్టే, ఎక్కుడుతో నిమిత్తం లేదు. 2014లో ఆస్ట్రేలియాలో హెల్స్ 500 బృందం మొదలుపెట్టిన ఎవరెస్టింగ్‌లో 8,848 మీటర్లు ఎక్కాలి, కానీ ఒకే గుట్ట మీద పైకీ కిందికీ తిరుగుతూ. ఆ గుట్ట ఎత్తు ఒక్కసారి సరిగ్గా తేలితే దాన్ని ఎన్నిసార్లు ఎక్కాడో దాంతో గుణించవచ్చు. మొత్తం కూడిక అనే రెండో ప్రశ్నను మొదటి ప్రశ్నగా మార్చేసిన యుక్తి ఇది. 600 కిలోమీటర్లలో పదివేల మీటర్లు ఎక్కమనే సూపర్ రాండోనేలకు ఈ సౌకర్యం లేదు. అక్కడ దారిని ముందే ఒక పద్ధతిలో లెక్కగట్టి ఆమోదిస్తారు, రైడర్ పరికరం చెప్పేది దానికి ప్రమాణం కాదు.

మరి మన పరికరాన్ని పరీక్షించుకునేదెలా? ఖర్చు లేని సాధనం రైల్వే స్టేషన్. పసుపు పచ్చ బోర్డు మీద ఊరి పేరు కింద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. బీబీనగర్–నడికుడి లైనులో నల్లగొండ, మిర్యాలగూడ, డోన్ లైనులో షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర, గద్వాల, అన్నీ రైడ్ల దారిలోనే ఉన్నాయి. బయల్దేరేముందు అక్కడ కంప్యూటర్‌ను సరిచేసుకుంటే మొదటి ప్రశ్న తీరిపోతుంది. కొన్నిట్లో ఇంటి ఎత్తును ఒకసారి నమోదు చేసి పెట్టుకోవచ్చు, ఏ ఋతువులోనైనా అక్కడి నుంచే మొదలవుతుంది. ఎక్కుడు లెక్కకు మాత్రం సాగర్ ఎడమ కాలువ కట్టను మించిన పరీక్ష లేదు. నీళ్లు వాటంతటవే పారేలా తవ్విన కాలువ అది. వాలు కిలోమీటరుకు అడుగు కూడా ఉండదు. హాలియా వైపు కట్ట మీద రోడ్డు బాగున్నచోట ఇరవై కిలోమీటర్లు పోయి, అదే దారిన తిరిగిరండి. ఎక్కేది దాదాపు లేదు. అయినా పరికరం వంద మీటర్లు చూపిస్తే ఆ వంద మీ కాళ్లవి కావు, దాని కల్పన. పది పదిహేను చూపిస్తే దాన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు.

పటాల కొరత కొన్నేళ్లలో తీరొచ్చు. 2021 ఫిబ్రవరి దాకా ఎత్తుల సమాచారం మీద ఉన్న ఆంక్షలు చాలావరకు సడలాయి. మూడు మీటర్లకంటే నిశితమైన నిలువు కొలతలను మాత్రం భారతీయ సంస్థలే తయారుచేసి ఉంచుకోవాలన్నారు. 2022 జాతీయ జియోస్పేషియల్ విధానం 2030కల్లా మైదానాలకు 25 సెంటీమీటర్ల స్థాయి ఎత్తుల పటం కావాలని లక్ష్యం పెట్టుకుంది. అది వస్తే గుట్టల నీడలో పుట్టే దొంగ ఎక్కుళ్లు, బీచుపల్లి వంతెన కింద మునగడాలు పోతాయి. పది మీటర్ల గీత, రెండు మీటర్ల గీత పేచీ మాత్రం పోదు. అది పటంతో తీరేది కాదు, జనం ఒప్పందానికి రావాల్సిన సంగతి. రైడ్లు నిర్వహించేవాళ్లు రూటు పోస్టరు మీద ఎలివేషన్ గెయిన్ వేసేటప్పుడు దాన్ని ఏ యాప్‌లో, ఏ పటంతో లెక్కగట్టారో పక్కనే ఒక వరుస రాస్తే సగం వాదనలు లేకుండా పోతాయి. మే నెల రైడ్‌ను డిసెంబరు రైడ్‌తో పోల్చి తమ కాళ్ల బలం తగ్గిందని దిగులుపడేవాళ్లు, ముందు ఆ రెండు రోజుల ఉష్ణోగ్రత చూసుకోవాలి.